మా ఆయన తట్టువ, మా నాన్న గుర్రం

మా ఆయన తొలొగొన్ మా ఊళ్లో అందరికంటే పొడగరి. ఆయన ఎక్కే తట్టువ మా ఊళ్లో ఉన్న వాటన్నిటిలోకీ పొట్టిది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. ఆయనకు అది దొరికింది, దానికి ఆయన దొరికాడు, అంతే. కానీ ఆ ఎర్ర తట్టువ మీద ఆయన వీధిలో వెళ్తుంటే రెండు పక్కలా బూట్లు గడ్డిని రాసుకుంటూ పోయేవి. ఎక్కడానికి రికాబుతో పని ఉండేది కాదు. పక్కన నిలబడి ఒక కాలు అటు వేస్తే చాలు. దిగాలంటే రెండు కాళ్లూ నేలకు ఆనించి లేచి నిలబడేవాడు. తట్టువ ఆయన కాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లిపోయేది.

ఇందులో నవ్వడానికి ఏముందో మా ఆయనకు అర్థమయ్యేది కాదు. అది కొండ ఎక్కుతుంది, దిగుతుంది, చలికాలంలో మంచును గిట్టతో గీరుకుని కింది గడ్డి తానే వెతుక్కుంటుంది. ఇంతకంటే ఏం కావాలి అనేవాడు.

ఏం కావాలో మా నాన్న ఓర్మొన్‌కు తెలుసు. ఆయన బతుకంతా పెద్ద గుర్రాల మీదే గడిచింది. వయసులో ఉండగా, గుర్రాల మీద మేక కళేబరం లాక్కునే ఆటలో ముందు పళ్లు రెండు పోగొట్టుకున్నాడు. ఆ సందును ఇప్పటికీ మెడల్ చూపించినట్టు చూపిస్తాడు. అలాంటి మనిషికి అల్లుడు తట్టువ మీద వచ్చేవాడు. నాన్న ఏమీ అనేవాడు కాదు. మా ఆయన వచ్చే వేళకు ఇంటి వెనక ఏదో పని పెట్టుకునేవాడు.

మా చిన్నది తొలి అడుగులు వేసిందని దానికి కాళ్ల తాడు కోసే పండుగ చేసిన రోజున ఆ మౌనం తెగింది. ఊరంతా మా వాకిట్లో ఉంది. మా ఆయన పక్క ఊరి నుంచి పిండి బస్తా వేసుకుని తట్టువ మీద వచ్చాడు. నాన్న ఈడువాడు జాకిప్ అప్పటికే రెండు గిన్నెల కుమిస్, అంటే పులిసిన గుర్రపు పాలు, తాగి ఉన్నాడు.

“ఓర్మొన్ బావా, నాకో అనుమానం,” అన్నాడు జాకిప్. “నీ అల్లుడు తట్టువ ఎక్కాడా, లేకపోతే తట్టువనే పైజామాలా తొడుక్కున్నాడా?”

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నాన్న నవ్వలేదు. చేతిలో మాంసం ముక్కను పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, లేచి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో నల్ల గుర్రం పగ్గాలున్నాయి. దాని తల్లి జిల్లా పందేల్లో పరుగెత్తింది. దాన్ని కొంటామని నగరం నుంచి మనుషులొస్తే నాన్న టీ ఇచ్చి పంపేశాడు. ఊరంతా చూస్తుండగా ఆ పగ్గాలు మా ఆయన చేతిలో పెట్టాడు.

“ఇదిగో అల్లుడూ. ఇక నుంచి నీ కాళ్లు నేలకి తగలవు.”

మామ అందరి ముందు గుర్రమిస్తే వద్దనే అల్లుడు మా వైపు ఇంతవరకు పుట్టలేదు. మా ఆయన తల వంచి దండం పెట్టి గుర్రమెక్కాడు. వాకిలి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. అందరూ మెచ్చుకున్నారు. దిగాక ఆయన ముఖం జున్ను రంగులో ఉండటం నేనొక్కదాన్నే చూశాను.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగాను. “ఏమైంది నీకు?”

“ఎత్తు,” అన్నాడు.

“ఏం ఎత్తు?”

“సాయికాల్, నేను మామూలుగా నిలబడితేనే నేలకి చాలా దూరంగా ఉంటాను. దానికి అలవాటు పడటానికే నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ఎత్తు మీద ఇంకో ఎత్తు ఎక్కమంటున్నాడు మీ నాన్న.”

అప్పుడు నాకు తెలిసింది. పెళ్లయి అన్నేళ్లయినా ఆయన మా ఇంటి కప్పు ఎందుకు ఎక్కలేదో, గడ్డి మోపులు పైన పేర్చే పని ఎప్పుడూ నాకే ఎందుకు వచ్చేదో కూడా తెలిసింది.

ఇద్దరం కూర్చుని ఆలోచించి ఒక ఏర్పాటు చేసుకున్నాం. శుక్రవారం నమాజుకు వెళ్లేటప్పుడు మా ఆయన నల్లదాని మీద నాన్న గుమ్మం ముందు నుంచి వెళ్తాడు. మలుపు తిరగ్గానే దిగిపోతాడు. అక్కడ నేను తట్టువతో ఉంటాను. ఆయన తట్టువ మీద మసీదుకు పోతాడు, నేను నల్లదాని మీద వెనక దారిన ఇంటికి పోతాను. మిగతా రోజుల్లో నల్లది నాదే, నాన్న వీధి వైపు మాత్రం పోకుండా.

నాన్న గుమ్మంలో నిలబడి చూసేవాడు. “చూశావా, ఇప్పుడు మనిషిలా ఉన్నాడు,” అని అమ్మతో అనేవాడట. అల్లుడు నిటారుగా, అటూ ఇటూ చూడకుండా, బిగుసుకుని కూర్చోవడం ఆయనకు దర్జాగా కనిపించింది. భయానికీ దర్జాకూ దూరం నుంచి చూస్తే పెద్ద తేడా ఉండదు.

నేను రెండూ ఎక్కినదాన్ని కనుక చెబుతున్నాను. తట్టువ నడిస్తే కింద ఎవరో గబగబా ఉల్లిపాయలు తరుగుతున్నట్టుంటుంది. గుర్రం నడిస్తే ఊయల ఊపుతున్నట్టుంటుంది. తట్టువ పరుగెత్తితే పళ్లు తాళం వేస్తాయి, మాట్లాడకపోవడం మంచిది. గుర్రం పరుగెత్తితే చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ ఉండదు. తట్టువ మీంచి పడితే లేచి దులుపుకుంటాం. గుర్రం మీంచి పడితే నేల చేరేలోపు నాలుగు సంగతులు ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది. నేను రెండుసార్లు అలా ఆలోచించుకున్నాను. అయినా నాకు నల్లదే ఇష్టమైంది. దాని మీద మొదటిసారి ఊళ్లోంచి వెళ్లినప్పుడు గోడల అవతల ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అంతా కనిపించింది. తట్టువ మీద పోతుంటే జనం ఎక్కడికని అడిగేవాళ్లు. నల్లదాని మీద పోతుంటే పక్కకు తప్పుకునేవాళ్లు. ఎప్పుడూ ఎవరూ నాకు దారి ఇచ్చి ఎరగరు. ఆ రుచి బాగుంటుంది.

అన్నిటికంటే పెద్ద తేడా మాత్రం ఇది కాదు. దాన్ని నాన్న ఒకసారి మా ఆయనకు బోధించాడు.

“గుర్రం అడుగుద్ది అల్లుడూ. ఎటు పోవాలి, ఎంత జోరుగా పోవాలి, ఈ రాయి తొక్కాలా దాటాలా అని అడుగుతూనే ఉంటది. నువ్వు మడమతో చెప్పాలి, వేళ్లతో చెప్పాలి. చెప్పేవాడే సవారీ. తట్టువ ఏమడుగుద్ది? దానికి నువ్వొకటి, పిండి బస్తా ఒకటి.”

“అడక్కపోతే మంచిదేగా మావయ్యా,” అన్నాడు మా ఆయన. “దారి దానికే బాగా తెలుసు.”

నాన్న గిన్నె ముందుకు జరిపాడు. అమ్మ వైపు తిరిగి టీ పొయ్యమన్నాడు.

మరుసటి వేసవిలో నాన్న ఎప్పటిలాగే గొర్రెలతో పై మేతకు వెళ్లాడు. ఆకురాలు కాలం మొదట్లో గొర్రెలను తోలుకుని మా తమ్ముడు ముందుగా కిందికి దిగాడు. నాన్న బూడిద రంగు గుర్రాన్ని కూడా వాడే తీసుకుపోయాడు. గుడారం విప్పి సామాను దించడానికి మేమిద్దరం పైకి వెళ్లాం. దారంతా ఆయన తట్టువ మీద, నేను నల్లదాని మీద. గుడారం కనిపించడానికి ముందున్న చివరి గట్టు చాటున గుర్రాలు మార్చుకున్నాం. గట్టు దిగుతుంటే మా ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నాన్న దూరం నుంచి చెయ్యి ఊపాడు.

ఆ రాత్రి నుంచి వాన, వానలో మంచు. మరుసటి ఉదయానికి కింది వంతెన కొట్టుకుపోయిందని, సామాను లారీ రాదని పక్క గుడారం వాళ్లు చెప్పారు. మేం టీ తాగుతుండగా నాన్న గుడారం పైకప్పు తాడు విప్పడానికి ముక్కాలి పీట ఎక్కాడు. పీట జారింది. ఆయన పడ్డాడు.

యాభై ఏళ్లు గుర్రాల మీద నుంచి అన్ని రకాలుగా పడి ఒక్క ఎముక కూడా విరగని మనిషికి, మోకాలంత ఎత్తులేని పీట మీద నుంచి పడితే కాలు విరిగింది. నాన్న కింద పడుకుని పీట వైపే చూస్తున్నాడు.

పక్క గుడారం నుంచి కలీపా పెద్దమ్మ వచ్చింది. కాలు తడిమి, విల్లో కర్రలు పెట్టి, చుట్టూ మందపాటి ఉన్ని నమదా గుడ్డ చుట్టి కట్టింది. “నేను కట్టింది ఊరు చేరేదాకానే,” అంది. “కింద ఆసుపత్రిలో చూపించండి. ఈ రోజే దించండి, రేపటికి కనుమ మూసుకుపోద్ది.”

“నల్లదానికి జీను వెయ్యండి,” అన్నాడు నాన్న పడుకునే.

ఆయన్ని నల్లదాని మీదికి ఎక్కించడానికి మా ఇద్దరితో పాటు కలీపా పెద్దమ్మ, ఆమె కొడుకు కూడా కావలసి వచ్చింది. మూడోసారికి ఎక్కాడు. ముఖమంతా చెమట. కానీ ఎక్కి కూర్చున్నాక కొరడా అడిగి తీసుకున్నాడు, టోపీ సర్దుకున్నాడు. చూస్తే కాలు విరిగిన మనిషిలా లేడు.

గుడారం దాటి మొదటి వాలు చేరేదాకా అంతా బాగానే ఉంది. వాలు మీద మంచు నీరు, కింద జారుడు మట్టి. నల్లది ఆగింది. చెవులు వెనక్కి తిప్పింది. ఎటు వెళ్లాలో అడుగుతోంది. నాన్న పగ్గం కదిపాడు. అది మడమ కోసం చూసింది. ఒక పక్క మడమ తగిలింది, రెండో పక్క కర్రలు తగిలాయి. ఆ మాట దానికి తెలియదు. కాసేపు ఆలోచించి వెనక్కి తిరిగి గుడారం దగ్గరికి నడిచింది. మళ్లీ తిప్పి తీసుకొచ్చాం. మళ్లీ అదే చోట ఆగి, ఈసారి నావైపు చూసి, తల విదిలించి, వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో వెనక కాలు జారి ఇంచుమించు కూలబడింది. నాన్న పెదవులు తెల్లబడ్డాయి.

“దీన్ని పాడు చేశావు అల్లుడూ,” అన్నాడు. “ఏడాదిలో పాడు చేశావు.”

మా ఆయన నల్లదాని మెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. “నేను కాదు మావయ్యా.”

“మరెవరు?”

“పాడు కాలేదు. సాయికాల్ మాట బాగా వింటది. నా మాటే ఎప్పుడూ వినలేదు. నేనెక్కితేగా.”

నాన్న ఆయన వైపు చూశాడు. వాన టోపీ అంచు నుంచి కారుతోంది.

“మరి శుక్రవారాలు?”

“మీ గుమ్మం ముందు వరకే.”

“నిన్న గట్టు దిగి వచ్చావు.”

“కళ్లు మూసుకుని వచ్చాను.”

“ఎందుకూ?”

“భయం మావయ్యా. ఎత్తంటే భయం.”

నాన్న నావైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“తెలుసు నాన్నా.”

“మీ అమ్మకి?”

“అమ్మకీ తెలుసు.”

  గుర్రం మీద కూర్చుని, కదలలేక, దిగలేక, అల్లుడు చెప్పింది విని ఊరుకోవడం తప్ప నాన్నకు వేరే దారి లేదు. చివరికి, “దించండి,” అన్నాడు.

తట్టువను తెచ్చాం. దాని మీద ఎక్కించడానికి మా ఆయన ఒక్కడే సరిపోయాడు. నాన్నను పిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి జీను మీద పెట్టాడు. మా నాన్న అరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి తట్టువ మీద కూర్చున్నాడు. కిందికి చూశాడు. నేల దగ్గరగా ఉంది.

“ఒక షరతు,” అన్నాడు. “ఎర్ర బండ మలుపు దాకానే. అక్కణ్ణుంచి ఊరు కనిపిస్తది. అక్కడ నన్ను నల్లదాని మీదికి మార్చాలి. కాలు ఊడిపోయినా సరే. మాట ఇయ్యి.”

“ఇచ్చాను,” అన్నాడు మా ఆయన.

తట్టువ ఆ జారుడు వాలు ముందు ఆగలేదు. ముక్కు నేలకు ఆనించి, వాసన చూసుకుంటూ, చిన్న చిన్న అడుగులు వేస్తూ దిగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మా ఆయన పక్కన నడుస్తూ నాన్న నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఆయన భుజం సరిగ్గా నాన్న చంక కిందికి వచ్చింది. నల్లదాని పక్కన ఎంత పొడుగువాడు నడిచినా అలా పట్టుకోలేడు. నేను వెనక నల్లదాని మీద వస్తూ, రాళ్లు ఎక్కువైన చోట దిగి దాన్ని నడిపించుకొచ్చాను. దానికి దారిపొడుగునా నాతో సంప్రదింపులు అవసరమయ్యాయి.

కొంత దూరం పోయాక నాన్న గొంతు వినిపించింది. “పగ్గాలు ఎలా పట్టుకోవాలి దీనికి?”

“పట్టుకోనక్కర్లేదు మావయ్యా. జీను మీద పడేసి చేతులు జేబుల్లో పెట్టుకోండి, చలిగా ఉంది.”

“సిగ్గులేని సవారీ,” అన్నాడు నాన్న. చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకున్నాడు.

కనుమ మీద మా ఆయన జేబులోంచి చిన్న వోడ్కా సీసా తీసి ఇచ్చాడు. నాన్న తాగాడు. ఇంకాస్త పోయాక మళ్లీ తాగాడు. గుర్రాలకూ తట్టువలకూ తేడా గురించి మళ్లీ మొదలుపెట్టి, మధ్యలో మాట మింగేశాడు. చూస్తే తల మా ఆయన భుజం మీద వాలి ఉంది. నిద్ర. ఆ నిద్రలోనే మలుపులు, వాగు, లోయ అన్నీ దాటాడు. వాన వెలిసింది.

ఎర్ర బండ దగ్గర మా ఆయన ఆగాడు. తట్టువ ఆగలేదు కనుక మళ్లీ నడిచి దాన్ని అందుకుని ఆపాడు. కింద ఊరు, పొగలు కనిపిస్తున్నాయి.

“లేపాలి,” అన్నాడు.

“ఎందుకు లేపడం? నొప్పి లేకుండా పడుకున్నాడు.”

“మాటిచ్చాను సాయికాల్.”

“మెలకువగా ఉన్నవాడికిచ్చావు.”

“నిద్రపోయాడని మాట మారుద్దా?”

“నల్లదాని మీదికి ఎక్కించాలంటే నలుగురు కావాలి. ఇద్దరమే ఉన్నాం. కాలు ఇంకోసారి విరిగితే అప్పుడేం మాట ఇస్తావు?”

ఆయన నాన్న ముఖం వైపు చూశాడు. ఆ ముఖం పక్కనే, తన భుజం మీదే ఉంది. నోరు కాస్త తెరుచుకుని ముందు పళ్ల సందు కనిపిస్తోంది. నాన్న టోపీ అంచును మా ఆయన కిందికి లాగాడు, కళ్లకు ఎండ తగలకుండా. తట్టువను వదిలాడు. అది నడిచింది.

ఊళ్లో ఆ రోజు పెళ్లని మాకు గుర్తులేదు. ఊరంతా వీధిలోనే ఉంది. పొడుగు బల్లలు వేశారు, స్పీకరులో పాట వస్తోంది. మేం వీధి మొదట్లోకి వచ్చేసరికి ముందు పిల్లలు చూశారు, తర్వాత ఆడవాళ్లు, తర్వాత అందరూ. ఓర్మొన్ తట్టువ మీద, జేబుల్లో చేతులు పెట్టుకుని, అల్లుడి భుజం మీద తలవాల్చి, గురక పెడుతూ వస్తున్నాడు. ఎవరో పాట ఆపేశారు. గురక ఇంకా బాగా వినిపించింది.

బల్ల చివర కూర్చున్న జాకిప్ లేచాడు. కాలికి కట్టిన కర్రలు చూశాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వీధికి అడ్డంగా ఉన్న బల్లను పక్కకు లాగి దారి ఇచ్చాడు.  తట్టువ వెళ్తూ వెళ్తూ బల్ల మీదున్న రొట్టె ఒకటి తీసుకుంది.

నాన్న ఆసుపత్రిలో మేలుకున్నాడు. కాలికి కట్టు వేసి ఉంది. మొదట అడిగింది, “ఎర్ర బండ దగ్గర మార్చారా?” అని.

మా ఆయన తలుపు వైపు చూశాడు. ఆయన అబద్ధమాడలేడు, అందుకే నేనే చెప్పాను. “మార్చాం నాన్నా. నీకు మత్తుగా ఉంది, గుర్తులేదు.”

ఇలా చెప్పమని మేం ఊళ్లో ఎవరినీ అడగలేదు. అవసరం రాలేదు. చూడటానికి వచ్చిన ప్రతివాడూ అదే చెప్పాడు. జాకిప్ ఆపిల్ పండ్లు తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“నల్లదాని మీద వస్తుంటే చూశాం బావా. కాలు విరిగినవాడివని ఎవరూ అనుకోలేదు.”

“ఎలా కూర్చున్నాను?”

“నిటారుగా.”

“కొరడా ఉందా చేతిలో?”

“ఉంది. కుడి చేతిలో.”

నాన్న చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. కొరడా ఎడం చేత్తో పట్టే మనిషి ఆయన. జాకిప్‌కు అది తెలుసు, తొందరలో మరిచిపోయాడు. నాన్న చెయ్యి చాపాడు. ఆపిల్ తీసుకుని తిన్నాడు.

జాకిప్ వెళ్లాక నాతో అన్నాడు. “ఆ ఎర్రదానికి బార్లీ పెట్టారా?”

“అది బార్లీ తినదు నాన్నా. గడ్డి చాలు దానికి.”

“పెట్టండి. తినకపోతే దాని ఇష్టం.”

కాలు అతుక్కుంది గానీ కాస్త కురచగా అతుక్కుంది, మోకాలు పూర్తిగా మడత పడటం లేదు. వసంతంలో నల్లదాని మీదికి ఎక్కడానికి చాలా ప్రయత్నించాడు. దిమ్మె ఎక్కి చూశాడు, గోడ ఎక్కి చూశాడు. ఎవరూ చూడనప్పుడే ప్రయత్నించేవాడు కనుక మేమంతా చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం. తన బూడిద గుర్రాన్ని తమ్ముడికి ఇచ్చేశాడు. కొన్నాళ్లు నడిచాడు. తర్వాత ఒక ఉదయం కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“అల్లుడూ, నీ ఎర్రదాన్ని సోమరిని చేస్తున్నావు. నేను కొన్నాళ్లు తిప్పి తెస్తాను.”

“తీసుకోండి మావయ్యా.”

“నువ్వెలా తిరుగుతావు మరి?”

మా ఆయన నల్లదాని వైపు చూశాడు. దాని పగ్గాలు అందుకున్నాడు. “ఎక్కుతాను,” అన్నాడు.

నాన్న ఆ తట్టువను తిరిగి ఇవ్వలేదు. నాకు నల్లది ఆదివారాల్లో మాత్రమే దొరుకుతోంది, దానికి నాకు బాధగానే ఉంది. మిగతా రోజుల్లో దాని మీద మా ఆయన తిరుగుతాడు. ఆయన భయం పోలేదు. మొదట కళ్లు మూసుకునేవాడు, ఇప్పుడు ఒక కన్ను తెరుస్తాడు. పక్కనే కింద తట్టువ మీద నాన్న, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, పైకి చూస్తూ పాఠం చెబుతుంటాడు. “మడమ, అల్లుడూ. మడమతో చెప్పు. అడుగుతోంది చూడు.” తన కిందిదాని మీద మాత్రం ఆయనకు ఒకటే ఫిర్యాదు, జనం దాన్ని పిలిచే పేరు. ఎవరైనా తట్టువ అంటే వెంటనే సరిదిద్దుతాడు.

“తట్టువ కాదు. కురచ గుర్రం.”

ఊళ్లో ఇప్పుడు అందరూ అలాగే అంటున్నారు.